ఈత రానివారికి మాత్రమే

మా గవ్వలమెట్ట దగ్గర విహార నౌక ఆగబోతుందని తెలిసిన నాటి నుంచి ఊళ్లోకి జీపుల రాక మొదలైంది. అంతకుముందు మా రేవుకి జీపు వచ్చేది తుపాను వెళ్లిపోయాకే. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని, కొబ్బరిబొండాలు తాగి వెళ్లేవారు. ఈసారి తుపాను లేకుండానే వచ్చారు. ఊళ్లో ముసలాళ్లు భయపడ్డారు. భయపడి మంచిపనే చేశారు.

నౌక పెద్ద పట్నం హార్బరుకి పోతూ దారిలో మా దగ్గర ఒక పూట లంగరు వేస్తుంది. ఆ పూటలోనే ప్రయాణికులు చిన్న పడవల్లో ఒడ్డుకి వచ్చి, మొహాలకి అద్దాలూ వీపుకి గాలి సిలిండర్లూ తగిలించుకుని, సముద్రంలో మునిగి, రాళ్లదిబ్బల చుట్టూ తిరిగే రంగు చేపల్ని చూసి, భోజనాల వేళకి మళ్లీ నౌకెక్కాలి. వాళ్లలో చాలామంది పుట్టాక మొదటిసారి మునిగేవాళ్లు. మొదటిసారి మునిగేవాళ్లకి ఏ దిబ్బ అనువైనదో తేల్చడానికి తీర విహార వికాస సంస్థ ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ప్రత్యేకాధికారి చక్రధరరావు గారు. సభ్యుల్లో ఒకాయన ఉద్యానశాఖ నుంచి, ఇంకొకాయన తూనికలూ కొలతల నుంచి వచ్చారు. సముద్రం తెలిసినవాణ్ణి ఒక్కణ్ణీ వేసుకోలేదు. తెలిసినవాడికి ముందస్తు అభిప్రాయాలుంటాయట. మత్స్యకార సంఘం కార్యదర్శిని కాబట్టి నన్ను మాత్రం పిలిచారు, పడవ ఏర్పాటు చెయ్యడానికి.

మా తీరంలో మూడు దిబ్బలున్నాయి. సొరదిబ్బ, గుమ్మడిదిబ్బ దూరాన, లోతు నీళ్లలో ఉంటాయి. ఇంజను బోటు ఉన్నవాళ్లే అక్కడికి పోగలరు. నత్తదిబ్బ దగ్గర. కెరటాలు దాటి కాస్త తెడ్డేస్తే వచ్చేస్తుంది. కమిటీ మూడింటినీ పరిశీలించి, పోల్చి, ఒకదాన్ని ఎంపిక చెయ్యాలని ఉత్తర్వు.

పడవ కెరటాలు దాటగానే చక్రధరరావు గారి ముఖం పచ్చబడింది. నత్తదిబ్బ మీదికి వచ్చేసరికి ఆయన పడవ అంచు పట్టుకుని, పొద్దున తిన్న పెసరట్టుతో సహా ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నారు. ఉద్యానశాఖాయన ఆయన్ని అనుసరించారు. తూనికలాయన పడవ అడుగున పడుకుని దేవుణ్ణి తలుచుకున్నారు.

"ఆపండి," అన్నారు చక్రధరరావు గారు, మూతి తుడుచుకుంటూ. "పరిశీలన పూర్తయింది. సగటు పర్యాటకుడి శారీరక సహనానికి ఇదే గరిష్ఠ పరిమితి. ఈ స్థలాన్ని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదిస్తున్నది."

"మిగతా రెండూ చూడరా?" అన్నాను.

"చూసినచో పక్షపాతం ఏర్పడే ప్రమాదం ఉన్నది."

"ఇక్కడ అడుగునీరు లాగుతుందండి. మూడింట్లోనూ ఇదే చెడ్డది."

"స్థానికుల మనోభావాలను కమిటీ నమోదు చేసుకుంటున్నది," అని ఆయన మళ్లీ అంచు మీదికి వంగారు.

వారం తిరక్కుండా నత్తదిబ్బ చుట్టూ పసుప్పచ్చ డ్రమ్ములు తేలాయి. డ్రమ్ముల లోపల వలవేసినా, గేలం వేసినా, తెప్ప తోలినా శిక్ష తప్పదని ఒడ్డున బోర్డు నిలబెట్టారు.

ఇంజను బోట్లున్న ఆసాములకి ఇది పట్టలేదు. పట్టింది సూరాడ ఎల్లాజీకి. అతనికున్నది ఒక తెప్ప, రెండు తెడ్లు, గేలాలు. అతని బతుకంతా నత్తదిబ్బే. తెల్లారకుండా పోయి, దిబ్బ పక్కన తెప్ప నిలిపి, గేలం వేసి, దొరికిన చేపలు తెస్తే, అతని భార్య కాసులమ్మ గంపలో పెట్టుకుని సంతకి నడిచేది. ఆ రోజు అమ్మిందే ఆ రోజు వండుకోవడం. ఇంజను బోటు కొనడమంటే అతనికి నౌక కొనడంతో సమానం. తెడ్లతో సొరదిబ్బకి పోవచ్చుగానీ, తిరిగి రావడం గాలి దయ.

"ఓ అన్నియ్యా, ఈ డ్రమ్ములెప్పుడు తీత్తారు?" అని రోజూ అడిగేవాడు నన్ను.

"నౌక వచ్చి వెళ్లాక మాట్లాడదాం," అనేవాణ్ణి. అధికారులతో మాట్లాడితే పనవుతుందని అప్పటికి నాకింకా నమ్మకముండేది.

ఈలోగా సంస్థ వాళ్లకి ఒక సందేహం వచ్చింది. మునక నేర్పడానికి పట్నం నుంచి ఇద్దరు శిక్షకుల్ని తెచ్చారు. వాళ్లు మంచి ఈతగాళ్లు. ఒక సాయంత్రం సరదాగా డ్రమ్ముల లోపల మునిగి, లేచి, చేపల్లా తిరిగారు. ఒడ్డున నిలబడి చూసిన చక్రధరరావు గారికి దిగులు పట్టుకుంది. అంత నైపుణ్యమున్నవాళ్లు తిరిగే చోటు ప్రారంభకులకి అనుకూలం ఎలా అవుతుంది? అది నిపుణుల చోటు అయిపోదా? మర్నాడే ఉత్తర్వు దిగింది.

"నత్తదిబ్బ ప్రాంతమును ప్రారంభకులకు మాత్రమే ప్రత్యేకించడమైనది. ఈత తెలిసిన వ్యక్తులు సదరు ప్రాంతమున ప్రవేశించినచో దిబ్బ యొక్క ప్రారంభక స్వభావమునకు భంగము వాటిల్లును. కావున ఈత తెలిసినవారికి ప్రవేశము నిషిద్ధము. ఇది ఉద్యోగులకును, శిక్షకులకును, సకల జనులకును వర్తించును."

పర్యవేక్షించే కమిటీ కూడా ఆ స్వభావానికి తగ్గట్టుగా ఉండాలి కాబట్టి, సభ్యులందరూ ఈత రానివారే అయి ఉండాలన్నారు. ఆ ఒక్క షరతు విషయంలో కమిటీకి ఏ ఇబ్బందీ రాలేదు.

నౌక వచ్చింది. తెల్లగా, మా ఊరి కంటే పొడవుగా, అల్లంత దూరాన ఆగింది. ప్రయాణికులు రబ్బరు పడవల్లో ఒడ్డుకి దిగారు. సన్నాయి మేళం పెట్టారు. బొట్టు పెట్టి, గవ్వల దండలు వేశారు. జ్యోతి వెలిగించబోతే గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. చివరికి ఉద్యానశాఖాయన గొడుగు అడ్డం పెట్టారు. తర్వాత స్వాగతోపన్యాసం. తర్వాత భద్రతా ప్రతిజ్ఞ. తర్వాత ప్రతిజ్ఞ అర్థం వివరిస్తూ ఇంకో ఉపన్యాసం.

శిక్షకులు మైకులు పట్టుకుని ఇసకలో నిలబడ్డారు. నీళ్లలోకి వాళ్లు రాకూడదు కదా, ఒడ్డు నుంచే నేర్పాలి. "ఇప్పుడు మీరు మునిగారనుకోండి. భయపడకండి. నెమ్మదిగా ఊపిరి పీల్చండి," అన్నారు మైకులో. శిక్షకుడు తోడు రాకుండా నీళ్లలో దిగడానికి ప్రయాణికులకి పిచ్చా? ఒక్కరూ కదల్లేదు. అందుకని కుర్చీల్లో కూర్చునే మునిగారు. అద్దాలు పెట్టుకున్నారు, ఊపిరి పీల్చారు, కాళ్లు ఆడించారు. వాళ్ల ముందు చేపల బొమ్మలు గీసిన గుడ్డ ఒకటి ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ ఊపారు. అంతలో నౌక కూత వేసింది.

మునిగినందుకు అందరికీ పతకాలిస్తూ, తెనాలి నుంచి వచ్చిన శేషారత్నం అనే రిటైరైన నర్సమ్మ మెడలోనూ పతకం వేశారు. ఆవిడ పతకం వంకా, తన వంకా చూసుకుంది.

"అదేంటండీ, నా చీర అంచు కూడా తడవలేదు," అంది.

"అదే మా భద్రతా ప్రమాణాల విశిష్టత," అన్నారు చక్రధరరావు గారు.

"చేపల్ని చూద్దామని కదండీ వచ్చింది."

"చేపల యొక్క సారాంశమును తమరికి చూపడమైనది."

ఆవిడ ఇంకేదో అనబోయింది గానీ రబ్బరు పడవ వాళ్లు తొందరపెట్టారు. పతకం తీసి సంచిలో పడేసుకుని వెళ్లిపోయింది.

పై ఆఫీసుకి నివేదిక పోయింది. మునిగినవారు నౌకలో ఉన్నంతమంది. ప్రమాదాలు సున్నా. దేశంలో ఇన్ని సముద్ర తీరాలున్నా, ఇంతమంది కొత్తవాళ్లు మునిగి ఒక్కరికీ తుమ్ము కూడా రాని తీరం ఇంకొకటి లేదని పై ఆఫీసు తేల్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి నౌకకీ ఇదే పద్ధతి. ఈ విధానానికి పేరు పెట్టారు, పురస్కారం ఇచ్చారు. చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో బృందాలు రావడం మొదలైంది. ఒక మెట్ట జిల్లా నుంచి వచ్చిన అధికారి మొహమాటపడుతూ అడిగాడు:

"సార్, మా దగ్గర సముద్రం లేదు. ఉన్న ఒక్క చెరువూ ఎండింది. మేమేమైనా చేసుకోగలమా?"

చక్రధరరావు గారు ఆయన భుజం తట్టారు. "మీరు నిరుత్సాహపడనవసరం లేదు. నీరు లేకపోవడం ఆదర్శవంతమైన పరిస్థితి. మాకున్న ఏకైక సమస్య మీకు లేదు."

ఆరు నెలలు తిరిగేసరికి ఆ జిల్లాలో రాళ్లగుట్ట మీద డ్రమ్ములు పెట్టి, గొర్రెల్ని రానివ్వడం మానేశారని విన్నాను.

ఇన్నాళ్లూ ఎల్లాజీ ఏం తిన్నాడని ఎవరూ అడగలేదు. నేను చెబుతాను. కొన్నాళ్లు ఇంజను బోట్ల మీద కూలికి పోయాడు. సీజను తగ్గాక వాళ్లు పిలవడం మానేశారు. కాసులమ్మ పక్క ఊరి చేపలు అప్పుగా తెచ్చి అమ్మింది, అప్పు మిగిలింది. తెప్ప ఇసకలో బోర్లా పడి ఎండకి పగిలింది. అతను దాని నీడలో కూర్చుని, నీళ్ల మీద తేలే డ్రమ్ముల్ని చూసేవాడు. డ్రమ్ముల లోపల నీళ్లు చేపలతో తళతళమనేవి. పట్టేవాడు లేక, చూసేవాడూ లేక, అవి కొవ్వెక్కాయి.

ఇద్దరం సంస్థ ఆఫీసుకి పోయాం. ఏసీ గదిలో చక్రధరరావు గారి వెనక గోడ నిండా పతకాలు.

"బావూ, అక్కడ ఎవులూ ములగనేదు కదా," అన్నాడు ఎల్లాజీ. "మరి నా తెప్ప ఎల్తే తవరికేటి?"

"ఎవరూ దిగకపోవడం వలననే ఆ ప్రాంతం ప్రమాదరహితమైనది. నీవు దిగితే ఆ ఖ్యాతి ఏమవ్వాలి?"

"నాను ములగను బావూ. తెప్ప మీదే కూకుంతాను."

"నీకు ఈత వచ్చునా?"

ఎల్లాజీ నవ్వాడు. "సముద్రం మీద పుట్టినోడ్ని, ఈత రాకపోడమేటి?"

నేను కాలు తొక్కేలోపే అనేశాడు. చక్రధరరావు గారి ముఖంలో జాలి కనబడింది. "అదే నీ దురదృష్టం. ఈత తెలియనివాడవై ఉన్నచో సాదరంగా ఆహ్వానించేవాళ్లం. నియమం నియమమే."

"అయితే పరీక్ష పెట్టండి," అన్నాను నేను. నాకు ఒళ్లు మండింది. "ఇతనికి ఈత రాదు. సిగ్గుకొద్దీ వచ్చన్నాడు. జాలరి ఈత రాదని ఎలా చెప్పుకుంటాడు?"

ఆయన ఆలోచించారు. లెక్కల్లో స్థానిక ప్రారంభకుడు ఒక్కడూ లేడని అప్పుడే పై ఆఫీసు నుంచి మందలింపు వచ్చింది. స్థానికుడొకడు చేరితే పత్రికల్లో బాగుంటుంది. పరీక్షకి ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచీ మా ఊరి ఒడ్డున ఎప్పుడూ చూడని వింత. నలభయ్యేళ్ల జాలరి మునగడం నేర్చుకుంటున్నాడు. నీళ్లలోకి దూకుతాడు, బెండులా పైకొస్తాడు. మళ్లీ దూకుతాడు, మళ్లీ వస్తాడు. ఒళ్లే అతని మాట వినడం లేదు. కాసులమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి కసిరేది.

"సేతులాడించకు మావా. రాయిలాగ పడుండు."

"నానాడించనేదే. అయ్యే ఆడతన్నాయి."

"నీలో గాలెక్కువ. నోరు తగ్గించు, కిందకెల్తావు."

చుట్టూ చేరినవాళ్లు నవ్వి చచ్చారు. చివరికి వలకి కట్టే సీసం గుళ్లు నడుం చుట్టూ పంచె మడతల్లో చుట్టుకుంటే తప్ప అతను కిందకి పోడని తేలింది.

పరీక్ష సంస్థ అతిథిగృహం వెనకున్న ఈతకొలనులో జరిగింది. కమిటీ గొడుగుల కింద కూర్చుంది. చక్రధరరావు గారు ఈల వేశారు. ఎల్లాజీ దూకాడు. బుడుంగుమని మునిగాడు.

మునిగినవాడు మునిగినట్టే ఉన్నాడు.

"అద్భుతం," అన్నారు తూనికలాయన. "ఇంత స్వచ్ఛమైన అజ్ఞానాన్ని నేనెన్నడూ చూడలేదు."

కమిటీ చప్పట్లు కొట్టింది. కాసేపయ్యాక చప్పట్లు ఆగాయి. నీళ్ల మీద బుడగలు కూడా ఆగాయి. ఉద్యానశాఖాయన లేచి నిలబడ్డారు.

"ఏమండీ, ఎవరైనా దిగాలేమో."

ఎవరు దిగుతారు? కమిటీలో ఎవరికీ ఈత రాదు, అదే వాళ్ల అర్హత. గేటు దగ్గర సంస్థ కాపలా వాళ్లున్నారు. వాళ్లందరూ ఈతగాళ్లే. కానీ పరీక్ష నడిచేటప్పుడు కొలను కూడా ప్రారంభక ప్రాంతమేనని పొద్దున్నే బోర్డు పెట్టారు. వాళ్లూ, వాళ్ల పక్కన నేనూ గేటు ఊచలు పట్టుకుని చూస్తున్నాం. చక్రధరరావు గారు గొడుగు మూసి, దాని కర్ర నీళ్లలోకి పెట్టి, "ఇదిగో, పట్టుకో. అభ్యర్థీ, పట్టుకో," అంటున్నారు.

కాసులమ్మ గట్టున చతికిలబడి తమలపాకుకి సున్నం రాస్తోంది. "కంగారు పడకండి బావూ. ఆడు బీడీ మానీసినాక ఊపిరి పెరిగింది," అంది.

అరుపులు తగ్గి గోల సద్దుమణగడంతో పరీక్ష అయిపోయిందనుకున్నాడేమో, ఎల్లాజీ నడుం గుళ్లు విప్పేసి పైకొచ్చాడు. రెండు బారల్లో గట్టు చేరి, మొహం తుడుచుకుని నవ్వాడు. "పాసేనా బావూ?"

కమిటీ పక్కకి వెళ్లి గుసగుసలాడింది. తిరిగి వచ్చి చక్రధరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"అభ్యర్థి మునుగుట యందు ప్రశంసనీయమైన ప్రతిభ కనబరచెను. అయితే మునిగిన పిమ్మట స్వయంగా పైకి వచ్చుట ఈత తెలియుటకు నిదర్శనము. కావున అనర్హుడు."

కాసులమ్మ ఆకు పక్కన పెట్టింది. "అంటే పైకి రాకపోతే తవరు ఎల్లనిచ్చుందురా?"

"నిస్సందేహంగా. తక్షణమే అనుమతి మంజూరు చేసి ఉండేవాళ్లం."

"ఎవులికి బావూ? ఆడు చచ్చినాక?"

"అనుమతి వ్యక్తిగతమమ్మా. వారసులకు బదిలీ కాదు."

తిరిగొచ్చేటప్పుడు ఎల్లాజీ ఊరి మొదట్లో ఆగి, "అన్నియ్యా, రేపు నాను ఎల్తాను," అన్నాడు. వద్దని నేననలేదు. అనే మొహం నాకు లేదు.

పొద్దున్న నౌక వచ్చి ఆగింది. ఎల్లాజీ పగిలిన తెప్పకి తారు పూసి, నీళ్లలోకి నెట్టి, నేరుగా డ్రమ్ముల మధ్య నుంచి లోపలికి పోయి గేలం వేశాడు. కాపలా బోటు హోరుమంటూ వెంటపడింది. డ్రమ్ముల దాకా వచ్చి టక్కున ఆగింది. బోటులో ఉన్నది పేర్లవారి దుర్గాసి, మా ఊరివాడే, ఈత పోటీలో నెగ్గి ఆ ఉద్యోగం తెచ్చుకున్నాడు.

"మావా, బయటికొచ్చీ," అని కేకేశాడు.

"నువ్వే లోపలికొచ్చి లాగు."

"ఎలగొత్తాను? నాకు ఈతొచ్చు కదేటి. ఈ డ్రమ్ము దాటితే నా ఉజ్జోగం పోతాది."

"నాకు పోడానికి ఉజ్జోగం నేదురా. నువ్వక్కడే ఉండు."

దుర్గాసి ఆలోచించి, ఇంజను ఆపేసి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒడ్డున చూస్తున్నవాళ్లకి సంగతి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మూలపడ్డ తెప్పలన్నీ ఒక్కొక్కటే నీళ్లలోకి దిగాయి. డ్రమ్ముల లోపల జాలర్లు, డ్రమ్ముల బయట కాపలా బోట్లు. నెలల తరబడి కొవ్వెక్కిన చేపలు గేలాల మీద పడి కొట్టుకుంటున్నాయి. నౌక మీంచి ప్రయాణికులు ఫొటోలు తీస్తున్నారు.

చక్రధరరావు గారు జీపు దిగి ఇసకలో పరుగున వచ్చారు. మైకులో అరిచారు. గాలి ఆ మాటల్ని ఊరివైపే తోసింది. ఆయన నా దగ్గరికొచ్చారు.

"కార్యదర్శి గారూ, తక్షణం వీరిని ఖాళీ చేయించండి."

"నాకు ఈతొచ్చండి," అన్నాను. "నియమం నియమమే. ఈ తీరం మొత్తానికీ అక్కడికి పోయే అర్హత తమ కమిటీకే ఉంది. తమరే స్వయంగా వెళ్లి ఖాళీ చేయించాలి."

ఆయన ఒడ్డంతా కలయజూశారు. "పడవ?"

"సంఘం పడవ ఇదిగో. చిన్నదే, రెండు తెడ్లు. అయితే నడిపేవాడు కూడా లోపలికి రావాలి కదండీ. వాడికీ ఈత రాకూడదు."

ఆయన ఒడ్డు పొడవునా తిరిగారు. వల అల్లేవాణ్ణి అడిగారు, ఈత వచ్చా అని. వచ్చన్నాడు. చుట్ట కాల్చుకునే ముసలాయన్ని అడిగారు. వచ్చన్నాడు. కాలు పోయి కర్ర మీద నడిచేవాణ్ణి అడిగారు. "ఒంటికాలితోనే బాగా ఒత్తాది బావూ," అన్నాడు. ఆయన వెనకే తూనికలాయన, ఉద్యానశాఖాయన తలలు వేలాడేసుకుని నడిచారు. మీరు రండి అంటే ఒకాయనకి బీపీ ఉంది, ఇంకొకాయనకి ఆ రోజు ఏకాదశి.

చివర్న ఖాళీ గంప చంకన పెట్టుకుని, మొగుడి తెప్ప కోసం చూస్తూ కాసులమ్మ నిలబడి ఉంది. ఆయన అలవాటుకొద్దీ ఆవిడనీ అడిగారు.

"నాకు రాదు బావూ," అంది. "మా ఆడోళ్లు మోకాలి నీల్లు దాటి ఎల్లరు."

ఆయన ముఖం వెలిగింది. "నిజముగా రాదా?"

"అమ్మోరి మీద ఒట్టు."

"పడవ నడపగలవా?"

"అదీ రాదు. తెడ్డెప్పుడూ పట్టనేదు. తవరి కమిటీకి సరిగ్గా సరిపోయిన మనిషిని." కాసులమ్మ గంప దించింది. కొంగు బిగించి, కుచ్చెళ్లు ఎగదోపి, పడవ ముక్కు నీళ్లవైపు తిప్పి, తెడ్డు తిరగేసి పట్టుకుంది. "రండి బావూ, ఎక్కండి. భయమేటి? ములిగితే ఇద్దరమూ పాసు."